ఆంప్లిఫయర్ల శ్రవణ తులన: వినికిడి, విశ్వాసం, వర్ణన పదజాలం

వ్యాససంగ్రహం:

ఇంటి స్టీరియో వ్యవస్థల్లో వాడే ఆంప్లిఫయర్లను చెవితో పోల్చి, ఏది మేలో తేల్చడం సంగీతాభిమానుల మిత్రబృందాల్లో చిరకాలంగా ఉన్న అలవాటు. ఈ తులనలో వినిపించే తేడాలు కొన్ని పరికరానివి, కొన్ని వినే పరిస్థితివి, కొన్ని వినేవారి నమ్మకానివి. ఈ మూడింటినీ వేరుచేసే పద్ధతులను వివరించడం, తేడాను చెప్పడానికి వాడే మాటల స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నాట్యశాస్త్రంలోని చతుస్సారణ విధానం, 20వ శతాబ్దిలో బ్రిటన్, అమెరికాలలో జరిగిన శ్రవణ పరీక్షలు, ఐ.ఎ. రిచర్డ్స్ చేసిన పఠన ప్రయోగం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: ఆంప్లిఫయర్, శ్రవణ తులన, చతుస్సారణ, ఎ.బి.ఎక్స్. పరీక్ష, డెసిబెల్, వర్ణన పదజాలం, మొహమాటం.

1. ప్రవేశిక:

సంగీతం వినడం మీద మక్కువ ఉన్నవారు నలుగురైదుగురు ఒక ఇంట చేరి, ఒకే పాటను రెండు ఆంప్లిఫయర్ల మీద మార్చి మార్చి విని, "దీనిలో గొంతు నిండుగా ఉంది", "దానిలో తంబుర స్పష్టంగా లేదు" అని చెప్పుకోవడం లోకంలో చాలాచోట్ల కనిపించే వేడుక. ఇది వట్టి కాలక్షేపం కాదు. ఆ మాటలు నమ్మి నెల జీతానికి మించిన ధర పెట్టి పరికరం కొనేవారున్నారు. ఉన్న పరికరం పనికిరాదనుకుని అమ్ముకునేవారున్నారు. కాబట్టి ఆ తీర్పు ఎంతవరకు నిలుస్తుందన్న ప్రశ్నకు విలువ ఉంది.

సాహిత్య విద్యార్థులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఒక పద్యం బాగుందని చెప్పినప్పుడు పద్యాన్ని మెచ్చుకుంటున్నామా, కవి పేరును మెచ్చుకుంటున్నామా అన్న సందేహం విమర్శలో ఎప్పుడూ ఉన్నదే. ఆంప్లిఫయర్ల విషయంలో ఆ సందేహాన్ని అంకెలతో పరీక్షించే వీలుంది. తెలుగు పరిశోధకులు ఈ విషయం వైపు చూడడానికి అది ఒక కారణం. ధ్వనిని వర్ణించే మాటలు ఎలా పుడతాయి, ఎప్పుడు అర్థాన్ని కోల్పోతాయి అన్న భాషాసంబంధమైన ప్రశ్న రెండో కారణం.

ఈ వ్యాసంలో 'ధ్వని' అన్న మాటను అలంకారశాస్త్రంలోని వ్యంగ్యార్థంలో కాక, చెవికి వినిపించేదన్న సామాన్యార్థంలోనే వాడడం జరిగింది.

2. ఆంప్లిఫయర్ చేసే పని:

ఆంప్లిఫయర్‌ను తెలుగులో 'ధ్వనివర్ధకం' అంటారు. అదే మాటను లౌడ్‌స్పీకరుకూ వాడుతుంటారు. నిజానికి ఆంప్లిఫయర్ ధ్వనిని పెంచదు. సీడీ ప్లేయర్ వంటి పరికరం నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని, దాని రూపం మారకుండా, స్పీకరును కదిలించగలిగినంత శక్తితో అందిస్తుంది. ధ్వని పుట్టేది స్పీకరులో.

ఈ నిర్వచనంలో 'రూపం మారకుండా' అన్నదే ముఖ్యం. ఆదర్శ ఆంప్లిఫయర్ అంటే సంకేతాన్ని పెంచే ఒక తీగ ముక్క వంటిదని ఇంజనీర్లు చెబుతుంటారు. ఆ ఆదర్శానికి దగ్గరగా వచ్చిన రెండు ఆంప్లిఫయర్ల మధ్య తేడా వినిపించకూడదు. 1947లో డి.టి.ఎన్. విలియమ్సన్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రచురించిన వాల్వు ఆంప్లిఫయర్ 15 వాట్ల వద్ద సుమారు 0.1 శాతం వక్రీకరణ మాత్రమే చూపింది. ఆ నమూనాను చూసి ఎందరో ఔత్సాహికులు ఇళ్లలో స్వయంగా ఆంప్లిఫయర్లు కట్టుకున్నారు. ఆ తరువాత వచ్చిన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లలో ఈ వక్రీకరణ ఇంకా తగ్గింది. అయినా ఆంప్లిఫయర్ల మధ్య తేడాలు వింటున్నామనే వారి సంఖ్య తగ్గలేదు. ఈ వైరుధ్యమే చర్చకు మూలం.

3. తులన దారితప్పే చోట్లు:

మిత్రబృందం చేసే పోలికలో తప్పు దొర్లేందుకు ప్రధానంగా నాలుగు కారణాలున్నాయి.

3.1 ధ్వని స్థాయి: రెండు ఆంప్లిఫయర్ల వాల్యూమ్ నాబ్‌లను ఒకే అంకె దగ్గర పెట్టినంత మాత్రాన ధ్వని స్థాయి సమానం కాదు. ఒక్కొక్కటి సంకేతాన్ని ఒక్కో రెట్టు పెంచుతుంది. 1 డెసిబెల్ తేడా అంటే వోల్టేజిలో సుమారు 12 శాతం, శక్తిలో సుమారు 26 శాతం తేడా. ఇంత చిన్న తేడాను చెవి 'ఎక్కువ ధ్వని'గా గుర్తించకపోవచ్చు. 'ఎక్కువ స్పష్టత'గా, 'ఎక్కువ నిండుదనం'గా గుర్తిస్తుంది. ధ్వని స్థాయి మారితే మంద్ర, తార స్వరాల పట్ల చెవికున్న స్పందన కూడా మారుతుందని బెల్ ప్రయోగశాలలకు చెందిన హార్వే ఫ్లెచర్, డబ్ల్యు.ఎ. మన్సన్ 1933లో చూపారు. స్థాయి తగ్గితే మంద్రస్వరాలు ముందుగా సన్నగిల్లుతాయి. అందువల్ల కాస్త గట్టిగా మోగిన పరికరానికి మార్కులు ఎక్కువ పడతాయి.

3.2 కాలవ్యవధి: ఒక ఆంప్లిఫయర్ తీగలు విప్పి మరొకదానికి బిగించడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. ధ్వనిలోని సూక్ష్మమైన తేడాలు అంతసేపు జ్ఞాపకంలో నిలవవు. నిలిచేది వాటి గురించి మనం అన్న మాట. రెండోసారి వినేటప్పుడు పోలిక ధ్వనికీ ధ్వనికీ మధ్య కాక, ధ్వనికీ మాటకూ మధ్య జరుగుతుంది.

3.3 చూపు: పరికరం బరువు, ముందుపలక మందం, వెలుగుతున్న వాల్వులు, తయారీదారు పేరు, ధర వినేవారికి ముందే తెలిసి ఉంటాయి. ఇవి తీర్పును ప్రభావితం చేయడం అజ్ఞానానికి గుర్తు కాదు. మనిషి గ్రహణశక్తి పనిచేసే తీరే అది. ఎదురుచూపుకు తగినట్టు వినిపించడం అనుభవజ్ఞులకూ జరుగుతుంది.

3.4 మొహమాటం: ఇంటి యజమాని కొత్తగా కొన్న సెట్టు ముందు కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "ఎలా ఉందండీ, ఉన్నదున్నట్టు చెప్పండి" అని అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేవారు తక్కువ. పైగా బృందంలో పెద్దగా గౌరవించే వ్యక్తి ముందుగా "దీనిలో గొంతు ముందుకొచ్చింది" అంటే, తక్కినవారు ఆ వాక్యం కోసమే వినడం మొదలుపెడతారు. అయిదుగురు ఒకే మాట చెప్పారంటే అయిదు సాక్ష్యాలు కావు. ఒక సాక్ష్యం, నాలుగు అంగీకారాలు మాత్రమే.

4. రెండు వీణల పద్ధతి:

చెవితో పోల్చేటప్పుడు పాటించవలసిన నియమాలు మన సంగీతశాస్త్రానికి తెలియనివి కావు. భరతుడి నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో శ్రుతుల నిర్ణయానికి చెప్పిన విధానం ఇందుకు చక్కని ఉదాహరణ. అది చతుస్సారణ అన్న పేరుతో ప్రసిద్ధం. 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఆ వీణలను ధ్రువవీణ, చలవీణ అన్నాడు.

పరిమాణంలో, తంత్రులలో, దండంలో, మూర్ఛనలో సమానంగా ఉన్న రెండు వీణలను తీసుకుని షడ్జగ్రామంలో ఒకే విధంగా శ్రుతి చేయాలి. ఒకదాన్ని కదపకూడదు. రెండోదాన్ని మెట్టు మెట్టుగా ఒక్కొక్క శ్రుతి దించుతూ పోవాలి. రెండో సారణలో చలవీణలోని గాంధార నిషాదాలు ధ్రువవీణలోని రిషభ ధైవతాలలో కలుస్తాయి. మూడో సారణలో రిషభ ధైవతాలు షడ్జ పంచమాలలో కలుస్తాయి. నాలుగో సారణలో షడ్జ, మధ్యమ, పంచమాలు వరుసగా నిషాద, గాంధార, మధ్యమాలలో కలుస్తాయి. ఆ విధంగా స్వరాల మధ్య దూరాలు తేలి, మొత్తం 22 శ్రుతులవుతాయి.

ఈ విధానం నుంచి మన విషయానికి పనికివచ్చే సూత్రాలు మూడు. మొదటిది, పోల్చే రెండూ పరీక్షించే అంశం ఒక్కటి తప్ప అన్నింటిలో సమానంగా ఉండాలి. రెండవది, కదలని ప్రమాణం ఒకటి ఉండాలి. మూడవది, వినేవారిని అడిగే ప్రశ్న తేలిగ్గా, నిర్ణయాత్మకంగా ఉండాలి. భరతుడు ఏ వీణ మధురమని అడగలేదు. రెండు స్వరాలు కలిశాయా లేదా అని అడిగాడు. మాధుర్యం గురించి వివాదం రావచ్చు. స్వరాలు కలిశాయో లేదో అన్నదాని మీద శిక్షణ పొందిన చెవులు ఏకాభిప్రాయానికి వస్తాయి.

అయితే చతుస్సారణలో ఏది ధ్రువవీణో ఏది చలవీణో వినేవారికి తెలుసు. అక్కడ పేరుకూ ధరకూ ప్రసక్తి లేదు కాబట్టి దాచవలసిన అవసరం లేదు. ఆంప్లిఫయర్ల తులనలో ఆ అవసరం ఉంది. ఆ నాలుగో సూత్రాన్ని 20వ శతాబ్ది చేర్చింది.

5. పేరు దాచిన పరీక్షలు:

1950లో బెల్ ప్రయోగశాలలకు చెందిన మన్సన్, మార్క్ గార్డ్‌నర్ 'ఎ.బి.ఎక్స్.' అన్న పరీక్షా పద్ధతిని వివరించారు. వినేవారికి 'ఎ' అన్న ధ్వనిని, 'బి' అన్న ధ్వనిని వినిపించి, ఆ తరువాత 'ఎక్స్' వినిపిస్తారు. ఎక్స్ ఆ రెండింటిలో ఏదో ఒకటి. అది ఏదో చెప్పడమే వినేవారి పని. ఏది బాగుందన్న ప్రశ్న ఇక్కడ లేదు. భరతుడి ప్రశ్న వలెనే ఇది కూడా కలిసిందా లేదా అన్నదే.

ఈ పద్ధతిని ఇంటి ఆంప్లిఫయర్ల దగ్గరికి తెచ్చినవారు ఔత్సాహికులే కావడం గమనించదగింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 'సౌత్‌ఈస్టర్న్ మిషిగన్ వూఫర్ అండ్ ట్వీటర్ మార్చింగ్ సొసైటీ' అన్న వేళాకోళపు పేరుతో ఒక మిత్రసంఘం ఉండేది. దాని సభ్యులు ఎ, బి, ఎక్స్‌లను మీట నొక్కి మార్చుకునే పరికరాన్ని తయారుచేశారు. వారిలో ఒకరైన డేవిడ్ క్లార్క్ 1982లో 'ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ' పత్రికలో దాన్ని వివరించాడు. ఎక్స్ ఏదో పరికరమే యాదృచ్ఛికంగా నిర్ణయిస్తుంది. వినేవారికీ, పరీక్ష నిర్వహించేవారికీ కూడా తెలియదు. అందుకే దీన్ని డబుల్ బ్లైండ్ పరీక్ష అంటారు.

ఇటువంటి పరీక్షలలో మూడింటిని ఇక్కడ ప్రస్తావించాలి.

1978లో బ్రిటన్‌లో క్వాడ్ సంస్థ తన మూడు ఆంప్లిఫయర్లను పరీక్షకు పెట్టింది. 1953 నాటి వాల్వు నమూనా క్వాడ్ 2, 1967 నాటి ట్రాన్సిస్టర్ నమూనా 303, 1975 నాటి 405. పరీక్ష నిర్వహించిన జేమ్స్ మోయిర్ ఫలితాలను 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రచురించాడు. పేర్లు దాచి, స్థాయి సమం చేసి వినిపించినప్పుడు అనుభవమున్న శ్రోతల సమాధానాలు ఊహించి చెప్పిన వాటికంటే మెరుగ్గా లేవు. తయారీదారే పరీక్ష పెట్టించిన మాట నిజమే. కాని ఆ ఫలితం కొత్త నమూనా అమ్మకానికి ఉపకరించేది కాదని కూడా గుర్తుంచుకోవాలి.

1985లో అమెరికాలోని 'స్టీరియోఫైల్' పత్రిక సంపాదకులతో బాబ్ కార్వర్ అన్న ఇంజనీరు ఒక పందెం వేశాడు. వారు ఎంచుకున్న ఖరీదైన వాల్వు ఆంప్లిఫయర్ నాదాన్ని తన చౌక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో పుట్టిస్తానన్నాడు. రెండింటి సంకేతాలను ఒకదాని నుంచి ఒకటి తీసివేసి, మిగిలిన శేషాన్ని కొలుస్తూ తన పరికరాన్ని సరిదిద్దాడు. శేషం సుమారు 70 డెసిబెల్‌లు కిందికి దిగిన తరువాత సంపాదకులు రెండింటినీ వేరుగా గుర్తించలేకపోయారు. ఈ ప్రయోగం సారాంశాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. మొదట్లో రెండు ఆంప్లిఫయర్ల మధ్య తేడా ఉంది. ఆ తేడా వినిపించింది. అయితే అది ధరలోనో, వాల్వుల మహిమలోనో లేదు. కొలవగలిగిన, అనుకరించగలిగిన విద్యుత్ లక్షణాలలో ఉంది.

1987 జనవరిలో 'స్టీరియో రివ్యూ' పత్రిక ఆంప్లిఫయర్లన్నీ ఒకేలా వినిపిస్తాయా అన్న ప్రశ్నతో ఇయన్ మాస్టర్స్ వ్యాసాన్ని ప్రచురించింది. సుమారు 220 డాలర్ల రిసీవర్ మొదలుకొని జత 12,000 డాలర్ల వాల్వు ఆంప్లిఫయర్ల వరకు పరీక్షలో పెట్టారు. శ్రోతలలో తేడాలున్నాయని గట్టిగా నమ్మేవారూ, నమ్మనివారూ ఉన్నారు. మొత్తం మీద సరైన సమాధానాల పాలు బొమ్మా బొరుసు వేసి చెప్పినదానికి భిన్నంగా లేదు.

సాహిత్య రంగంలో దీనికి సమాంతరమైన ప్రయోగం అంతకు చాలా ముందే జరిగింది. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసివేసిన కవితలను విద్యార్థులకిచ్చి, వారి అభిప్రాయాలను రాయించాడు. 1929లో వెలువడిన 'ప్రాక్టికల్ క్రిటిసిజమ్' వాటిలో 13 కవితలపై వచ్చిన వ్యాఖ్యలను విశ్లేషిస్తుంది. పేరు ఉంటే ప్రశంసలు పొందే కవితలు తిరస్కారానికి గురయ్యాయి. పేరు లేనప్పుడు పాఠకులకు తమ చదువు తప్ప ఆధారం లేకపోయింది. మన విశ్వవిద్యాలయాలలో జవాబుపత్రాల మీద పేరును మూసి కోడ్ వేయడం, పరిశోధన పత్రికలు రచయిత పేరు తీసి వ్యాసాన్ని సమీక్షకులకు పంపడం ఈ అవగాహన నుంచి వచ్చినవే. మూల్యాంకన చేసేవారిని అవమానించడానికి కాదు, వారి తీర్పుకు బలం చేకూర్చడానికి పేరు దాస్తారు.

6. తేడా నిజంగా ఉండే సందర్భాలు:

పై పరీక్షలను చూసి ఆంప్లిఫయర్లన్నీ ఒకటేననడం తొందరపాటు. తేడా వినిపించడానికి తెలిసిన కారణాలున్నాయి.

మొదటిది ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్. 8 ఓమ్‌ల స్పీకరు అని రాసి ఉన్నా, దాని ఇంపిడెన్స్ పౌనఃపున్యాన్ని బట్టి 4 నుంచి 20 ఓమ్‌ల దాకా మారవచ్చు. ఆంప్లిఫయర్ సొంత ఇంపిడెన్స్ 0.05 ఓమ్ అయితే ఈ మార్పు వల్ల స్పీకరుకు అందే వోల్టేజిలో వచ్చే తేడా 0.1 డెసిబెల్ కూడా ఉండదు. అదే 2 ఓమ్‌లు అయితే తేడా సుమారు 2.7 డెసిబెల్‌లు. కొన్ని వాల్వు ఆంప్లిఫయర్లలో ఇంపిడెన్స్ ఇంత ఉంటుంది. అటువంటిది ఒక స్పీకరుతో 'నిండుగా', మరొక స్పీకరుతో 'మసకగా' వినిపించడంలో వింత లేదు. అది ఆంప్లిఫయర్ గుణం మాత్రమే కాదు, ఆ జంట గుణం.

రెండవది శక్తి చాలకపోవడం. 1 వాట్‌కు మీటరు దూరంలో 87 డెసిబెల్‌ల ధ్వనినిచ్చే స్పీకరు 100 డెసిబెల్‌లు ఇవ్వాలంటే 20 వాట్లు కావాలి. 107 ఇవ్వాలంటే 100 వాట్లు కావాలి. మృదంగం మీద పడిన దెబ్బ వంటి క్షణికమైన శిఖరాల వద్ద చిన్న ఆంప్లిఫయర్ సంకేతం తల కత్తిరిస్తుంది. ఆ పగులు స్పష్టంగా వినిపిస్తుంది. కాని 50 వాట్ల దానికీ 100 వాట్ల దానికీ మధ్య దూరం 3 డెసిబెల్‌లే. ప్రకటనల్లోని పెద్ద అంకెలు సూచించినంత తేడా అక్కడ ఉండదు.

మూడవది దోషాలు: గుంయ్‌మనే హమ్, బుస్సుమనే నేపథ్య శబ్దం, ఒక ఛానెల్ తగ్గి మరొకటి హెచ్చడం. ఇవి వినిపించినప్పుడు చర్చ అవసరం లేదు, మరమ్మతు అవసరం.

7. వర్ణన పదజాలం:

ఆంప్లిఫయర్ల నాదాన్ని వర్ణించడానికి నేడు ప్రపంచమంతటా వాడే ఇంగ్లీషు మాటలలో చాలాభాగం పత్రికా సమీక్షకుల నుంచి వచ్చినవి. 1962లో 'స్టీరియోఫైల్'ను స్థాపించిన జె. గోర్డన్ హోల్ట్ ఇందులో ముఖ్యుడు. 1993లో అతడు ఆ మాటలకు అర్థాలు చెబుతూ ఒక పదకోశం కూర్చాడు. ఒక మాటను అందరూ ఒకే అర్థంలో వాడాలన్న శ్రద్ధ అందులో ఉంది.

తెలుగులో ధ్వనిని చెప్పే మాటలకు కొరత లేదు. వాటిని మూడు వర్గాలుగా చూడవచ్చు.

మొదటి వర్గం ధ్వన్యనుకరణలు: గుంయ్, బుస్సు, గరగర, కిర్రు, టప్పు. వీటి వెనుక ఫలానా కారణం ఉందని మరమ్మతు చేసేవారు విన్న వెంటనే చెప్పగలరు. టప్పుమంటే స్విచ్చు, గరగరమంటే వాల్యూమ్ నాబ్ లోపలి అరుగుదల. ఈ మాటలు పరికరాన్ని వర్ణిస్తాయి.

రెండవ వర్గం స్వరసమతౌల్యాన్ని చెప్పేవి: గంభీరం, బొంగురు, కీచు, పలచన, ఖంగుమనడం, కంచుకంఠం. ఇవి మనిషి గొంతును వర్ణించడానికి పుట్టి, తరువాత యంత్రానికి అన్వయించినవి. ఏ పౌనఃపున్యాలు హెచ్చాయో, ఏవి తగ్గాయో ఇవి సుమారుగా చెబుతాయి. ఒకరు 'కీచు'గా ఉందన్నదాన్ని మరొకరు 'గంభీరం' అనరు. కాబట్టి వీటిని పరీక్షించవచ్చు.

మూడవ వర్గం వినేవారి అనుభూతిని చెప్పేవి: ప్రాణం ఉంది, మాధుర్యం ఉంది, మనసుకు హత్తుకుంది. ఇవి అబద్ధాలు కావు. కాని వీటి కర్త పరికరం కాదు, వినేవాడు. వాక్యనిర్మాణం మాత్రం పరికరాన్నే కర్తగా చూపుతుంది. 'దీనిలో ప్రాణం ఉంది' అన్న వాక్యంలో, 'దీన్ని వింటే నాకు ప్రాణం లేచివచ్చింది' అన్న వాక్యం దాగి ఉంది. వాదాలు చాలావరకు ఈ వర్గభేదాన్ని గమనించకపోవడం వల్ల పుట్టినవి.

అనువాదంతో వచ్చే చిక్కు ఇంకొకటి. ఇంగ్లీషు సమీక్షల్లోని 'వార్మ్' అన్న మాట మంద్రస్వరాలు కాస్త హెచ్చిన నాదాన్ని సూచిస్తుంది. దాన్ని 'వెచ్చని ధ్వని' అంటే తెలుగులో ఆ సూచన రాదు. తెలుగులో వెచ్చదనం ఒంటికి సంబంధించినది, ఆప్యాయతకు సంబంధించినది. గొంతు విషయంలో మనవి నిండుదనం, బరువు, మెత్తదనం. ధ్వనిశాస్త్ర విషయాలపై తెలుగులో రాసేవారు ఈ మాటలను ఎంచుకుంటే పాఠకుడి చెవికి ఆనుతుంది.

8. మిత్రబృందం అనుసరించదగిన విధానం:

ప్రత్యేక ఉపకరణాలు లేకపోయినా ఇంటి వద్దనే నమ్మదగిన తులన చేయవచ్చు.

ముందుగా స్థాయి సమం చేయాలి. స్పీకరు బిగింపుల వద్ద మల్టీమీటరుతో ఏసీ వోల్టేజి కొలవాలి. సాధారణ మల్టీమీటర్లు తక్కువ పౌనఃపున్యాల వద్దే దీన్ని సరిగా చూపుతాయి కాబట్టి 200 నుంచి 400 హెర్ట్జ్‌ల మధ్య ఒక పరీక్షా స్వరం మేలు. 8 ఓమ్‌ల స్పీకరుకు 1 వాట్ అంటే 2.83 వోల్టులు. 0.1 డెసిబెల్ లోపు సమం కావాలంటే అక్కడ రెండు కొలతల మధ్య తేడా 0.03 వోల్టు మించకూడదు. ఎడమ, కుడి ఛానెళ్లను విడివిడిగా చూడాలి.

తరువాత పేర్లు దాచాలి. ఒకరు నాణెం ఎగరేసి, ఆ ప్రకారం ఆంప్లిఫయర్ కలిపి, చీటీ మీద రాసి, వినేవారికి కనిపించకుండా పక్కకు వెళ్లాలి. వినేవారు ఎవరికివారు కాగితం మీద సమాధానం రాయాలి. అందరూ రాసేవరకు ఎవరూ పెదవి విప్పకూడదు. మొహమాటానికి ఇంతకంటే మంచి విరుగుడు లేదు.

జాగ్రత్తలు కూడా అవసరం. రెండు ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్‌లను ఒకే స్పీకరుకు ఒకేసారి కలపకూడదు. తీగలు మార్చేముందు విద్యుత్తు ఆపాలి. వాల్వు ఆంప్లిఫయర్‌ను స్పీకరు లేకుండా నడిపితే దాని ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోవచ్చు. లోపలి వోల్టేజి ప్రాణాంతకం.

చివరిది లెక్క. ఊహించి చెప్పేవారు 16 ప్రయత్నాలలో 12 లేదా అంతకంటే ఎక్కువ సరిగా చెప్పే అవకాశం సుమారు 3.8 శాతం. అందువల్ల ఒక్కరే పరీక్షకు కూర్చుని 12 సాధిస్తే ఆ ఫలితాన్ని పట్టించుకోవాలి. అయితే 20 మంది కూర్చుంటే, అందరూ ఊహించే చెప్పినా, కనీసం ఒకరికి 12 వచ్చే అవకాశం 54 శాతం. ఆ ఒక్కరికీ 'బంగారు చెవులు' ఉన్నాయనడానికి ముందు వారికి మరోసారి పరీక్ష పెట్టాలి.

దీనికి మరో పార్శ్వం ఉంది. 10 ప్రయత్నాల పరీక్షలో 9 సరిగా చెబితేనే నెగ్గినట్టని నియమం పెడితే, పదింట ఏడుసార్లు నిజంగా గుర్తించగల శ్రోత కూడా 100 పరీక్షలకు సుమారు 15 సార్లే నెగ్గుతాడు. కాబట్టి చిన్న పరీక్షలో ఓడిపోవడం తేడా లేదనడానికి రుజువు కాదు. తొందరలో సూక్ష్మభేదం తెలియదని, దీర్ఘకాలం వినాలని వాదించేవారి మాటలో ఈ మేరకు న్యాయం ఉంది. దీర్ఘకాలం వినడానికి పేరు దాచడం అడ్డు కాదు. ప్రతి పరికరాన్నీ గుడ్డ కప్పి వారం రోజుల చొప్పున విని, ఆ తరువాతే సమాధానం రాయవచ్చు.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి. సరిగా తయారైన ఆంప్లిఫయర్లను వాటి శక్తి పరిమితికి లోబడి, స్థాయి సమం చేసి, పేర్లు దాచి వినిపించినప్పుడు వాటి మధ్య తేడా గుర్తించడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. అవుట్‌పుట్ ఇంపిడెన్స్, శక్తి చాలకపోవడం, దోషాలు ఉన్నచోట తేడా వినిపిస్తుంది. దానికి కారణం చూపవచ్చు. తేడా ఉందో లేదో తేల్చకముందే దాన్ని వర్ణించడం మొదలుపెడితే, మాటలు తమ ధ్వనిని తామే సృష్టిస్తాయి. కనుక శ్రవణ తులనలో మొదటి ప్రశ్న 'ఏది బాగుంది' అన్నది కాదు, 'వేరుగా ఉన్నాయా' అన్నది. చతుస్సారణలోనూ ఎ.బి.ఎక్స్. పరీక్షలోనూ ఉన్న వరుస ఇదే.

ఆంప్లిఫయర్‌ను దాని అందం కోసమో, పాతకాలపు వాల్వుల వెలుగు కోసమో ఇష్టపడి కొనుక్కోవడంలో తప్పు లేదు. ఆ ఇష్టాన్ని ఇష్టంగానే చెప్పుకోవాలి, ధ్వనిశాస్త్రంగా కాదు. మూల్యాంకన వృత్తిగా గలవారికి ఈ చిన్న విషయం నుంచి గ్రహించవలసింది కూడా ఉంది. విద్యార్థి జవాబుపత్రమైనా, యువకవి తొలి సంపుటమైనా, పరిశోధన వ్యాసమైనా, చేతికి వచ్చినప్పుడు దాని మీది పేరు మన చదువులో ఎంత భాగం పంచుకుంటున్నదో గమనించడం అవసరం. పేరు దాచే వీలున్న చోట దాచాలి. వీలు లేని చోట, ఇతరుల అభిప్రాయం వినకముందే మన అభిప్రాయాన్ని కాగితం మీద పెట్టుకోవాలి.